కాపలా సరే, పర్యవేక్షణ ఏదీ?

ఆడపిల్లల మీద కన్నేసి ఉంచడానికి మన సమాజంలో మనుషులకు ఎన్నడూ కొరత లేదు. హాస్టల్ గేటు దగ్గర వాచ్‌మన్, సాయంత్రం ఆరున్నరకల్లా రిజిస్టర్లో సంతకం పెట్టించుకునే వార్డెన్, ఫోన్లో ఎవరితో మాట్లాడుతోందో ఆరా తీసే అన్న, చున్నీ సరిగ్గా ఉందో లేదో చూసే ప్రిన్సిపాల్, అందరూ ఉన్నారు. అదే పిల్ల రాత్రి రెండు గంటలకు ఆస్పత్రి వార్డులో ఊపిరి అందని రోగి పక్కన నిలబడినప్పుడు, ఆమె చేస్తున్న పని సరైనదో కాదో చూసి చెప్పడానికి మాత్రం ఒక్కరూ ఉండరు. కాపలా కాసేవాళ్ళు బోలెడుమంది, దగ్గరుండి నేర్పేవాళ్ళు కరువు. ఫిజీషియన్ అసిస్టెంట్ కోర్సు చదువుతున్న అమ్మాయిల క్లినికల్ పోస్టింగుల గురించి నేను చెప్పదలచుకున్నదంతా ఈ ఒక్క ముక్కలోనే ఉంది.

నేను ఇరవై ఆరేళ్ళు ఆస్పత్రి వార్డుల్లో పనిచేసి, హెడ్ నర్సుగా రిటైరైనదాన్ని. ఇప్పుడు మా ఊళ్ళో మహిళా సంఘం ఆరోగ్య బృందంలో పనిచేస్తున్నాను. ఉద్యోగం చేసుకునే ఆడవాళ్ళ హాస్టల్లో మేము పెట్టే ఆదివారం సమావేశాలకు నర్సింగ్, ల్యాబ్ టెక్నీషియన్, డయాలసిస్ కోర్సుల పిల్లలతోపాటు ఫిజీషియన్ అసిస్టెంట్ కోర్సు పిల్లలూ వస్తున్నారు. వాళ్ళు చెప్పినవి వింటూంటే నాకు కొత్తగా అనిపించింది తక్కువ, ఎరిగినట్టు అనిపించింది ఎక్కువ. కోర్సు పేరు కొత్తది. చాకిరీ పాతదే.

ఎవరీ ఫిజీషియన్ అసిస్టెంట్లు?

ఈ కోర్సు పేరు విననివాళ్ళు మనలో చాలామంది ఉండవచ్చు. ఫిజీషియన్ అసిస్టెంట్ డాక్టరు కాదు, నర్సూ కాదు. డాక్టరు అజమాయిషీ కింద రోగి చెప్పేది విని రాసుకోవడం, పరీక్షించడం, కేస్ షీటు నింపడం, రౌండ్లలో రిపోర్టులు అందించడం, ఆపరేషన్లో పక్కన నిలబడి సాయం చేయడం, డిశ్చార్జి సమ్మరీ తయారుచేయడం వీళ్ళ పని. ఇంటర్లో బైపీసీ చదివి, ఎంబీబీఎస్ సీటు రాక, కొనుక్కునే స్తోమత లేక ఇటు వచ్చిన పిల్లలను మా సమావేశాల్లో ఎంతోమందిని చూశాను. సాధారణంగా నాలుగేళ్ళ చదువు, అందులో చివరి ఏడాది ఇంటర్న్‌షిప్. అంతకు ముందు నుంచే పోస్టింగులు మొదలవుతాయి. మెడిసిన్, సర్జరీ, పిల్లల వార్డు, ప్రసూతి, క్యాజువాలిటీ, ఐసీయూ, ఒక్కోచోట కొన్ని వారాలు. దీన్నే రొటేషన్ అంటున్నారు. ఆ రొటేషన్ ముందు 'సూపర్‌వైజ్డ్' అని ఒక మాట తగిలిస్తారు. ఆ మాట కాలేజీ బ్రోషర్లో ఉంటుంది. వార్డులోకి వెళ్ళి వెతికితే దొరకదు.

ఈ వృత్తి పుట్టింది అమెరికాలో. 1965లో ఉత్తర కరోలినాలోని డ్యూక్ యూనివర్సిటీలో యూజీన్ స్టెడ్ అనే డాక్టరు నలుగురు మాజీ నేవీ వైద్య సిబ్బందితో దీన్ని మొదలుపెట్టాడు. 1967లో వారిలో ముగ్గురు బయటికొచ్చారు. దీనికి ముందు జరిగిన కథ మనం తెలుసుకోదగ్గది. 1950ల చివర స్టెడ్, థెల్మా ఇంగిల్స్ అనే నర్సు కలిసి నర్సులకే పై చదువుగా ఇలాంటి కోర్సు ఒకటి రూపొందించారు. అమెరికా నర్సింగ్ విద్యకు గుర్తింపునిచ్చే సంస్థ దానికి గుర్తింపు ఇవ్వలేదు. అప్పుడు ఆయన మగవాళ్ళ వైపు తిరిగాడు. అలా నర్సుల కోసం ఆలోచించిన పని సైన్యం నుంచి వచ్చిన మగవాళ్ళ చేతికి వెళ్ళింది. ఆ కోర్సు పూర్తిచేసిన మొదటి స్త్రీ జాయిస్ నికోల్స్, ఒక నల్లజాతి మహిళ. ఆమె పట్టా పుచ్చుకుంది 1970లో. ఈనాడు అమెరికాలో ఈ పని చేస్తున్న పదిమందిలో దాదాపు ఏడుగురు స్త్రీలే.

మన దేశంలో మొదటి కోర్సును 1992లో చెన్నైలోని మద్రాస్ మెడికల్ మిషన్‌లో గుండె శస్త్రచికిత్స నిపుణుడు డాక్టర్ కె.ఎం. చెరియన్ ప్రారంభించారు. ఈ వృత్తికి చట్టంలో చోటు దొరకడానికి 29 ఏళ్ళు పట్టింది. 2021లో వచ్చిన నేషనల్ కమిషన్ ఫర్ అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం షెడ్యూల్లో 'ఫిజీషియన్ అసోసియేట్' పేరుతో చేరింది. హెల్త్‌కేర్ ప్రొఫెషనల్ అనిపించుకోవాలంటే కనీసం 3,600 గంటల చదువు ఉండాలని ఆ చట్టం అంటోంది. మంచిదే. కానీ గంటల సంఖ్య ఒక్కటే చాలదు. ఆ గంటల్లో పిల్ల పక్కన ఎవరున్నారన్నది అసలు ప్రశ్న.

నేర్చుకోవడమా, చాకిరీయా?

ఒక అమ్మాయి చెప్పింది. ఒక పెద్ద ప్రైవేటు ఆస్పత్రిలో ఐసీయూ పోస్టింగు. రాత్రి డ్యూటీ డాక్టరుకు మూడు అంతస్తులు అప్పగించారు. ఆయన ఈ పిల్లకు ఫోన్ నంబరిచ్చి, "ఏమైనా ఉంటే చెయ్" అని వెళ్ళిపోయాడు. ఒక పేషెంటుకు బీపీ పడిపోతోందని ఆమె ఫోన్ చేసింది. "ఇంత చిన్నదానికి కూడా లేపుతావా, ఏం చదువుకున్నావ్?" అన్నాడు. మరుసటి రాత్రి ఇంకో పేషెంటు విషయంలో అనుమానం వచ్చినప్పుడు ఆమె ఫోన్ చేయడానికి ఇరవై నిమిషాలు తటపటాయించింది. "ఆ ఇరవై నిమిషాలూ నా గుండె చప్పుడు నాకే వినిపించింది మేడం" అంది.

ఇంకో అమ్మాయి తన లాగ్‌బుక్ చూపించింది. విద్యార్థిని ఏ రోజు ఏం చేసిందో, ఎవరు దగ్గరుండి చూశారో అందులో రాసి సంతకం చేయాలి. నెల మొత్తానికి ముప్ఫై సంతకాలూ ఒకే పెన్నుతో, ఒకే సిరాతో, ఒకే పూట చేసినవి. "చివరి రోజు సార్ కారెక్కబోతుంటే పార్కింగ్ దగ్గర పెట్టించుకున్నాం" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ ముప్ఫై సంతకాల వెనక ముప్ఫై రోజులపాటు ఎంతమంది రోగులకు సూదులు పడ్డాయి, గొట్టాలు పడ్డాయి! వాటిలో ఒక్కటీ ఎవరూ చూడలేదు. చూసినట్టు రికార్డు మాత్రం ఉంది.

వార్డులో ఎవరు నేర్చుకుంటున్నారో, ఎవరిచేత చాకిరీ చేయిస్తున్నారో తేల్చడానికి నా దగ్గర ఒక కొలమానం ఉంది. ఆ పిల్ల ఈరోజు రాకపోతే వార్డు ఆగుతుందా? ఆగకపోతే ఆమె విద్యార్థిని. ఆగితే ఆమె జీతం లేని ఉద్యోగి. ఈ కొలమానంతో చూస్తే మా సమావేశాలకు వచ్చే పిల్లల్లో చాలామంది విద్యార్థినులు కారు. వాళ్ళ పేర్లు డ్యూటీ చార్టులో స్టాఫ్ పేర్లతో కలిపి రాస్తారు. ఒకరు సెలవు పెడితే ఇంకొకరిని వెతికి పెట్టి వెళ్ళమంటారు. ఇంటర్న్‌షిప్ ఏడాదిలో కూడా ఫీజు కట్టించుకున్న కాలేజీ గురించి విన్నాను. అంటే ఆ పిల్ల తన శ్రమను ఉచితంగా ఇవ్వడమే కాదు, ఇచ్చినందుకు ఎదురు డబ్బు కడుతోంది. నోరెత్తితే పదో తరగతి నుంచి ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ కాలేజీ బీరువాలో ఉన్నాయి.

ఇంటి చాకిరీకి ప్రేమ అని పేరు పెట్టారు. ఆస్పత్రి చాకిరీకి ట్రైనింగ్ అని పేరు పెట్టారు. రెండుచోట్లా స్త్రీ శ్రమకు లెక్క రాయకుండా ఉండడమే ఆ పేర్ల వెనకున్న పరమార్థం.

ఇదంతా వైద్య విద్యలో తప్పనిసరి అనే పెద్దమనుషులకు ఒక మాట. అమెరికాలో ఈ కోర్సులకు గుర్తింపునిచ్చే ఏఆర్‌సీ-పీఏ అనే సంస్థ నిబంధనలు చూడండి. పోస్టింగులో ఉన్న విద్యార్థులను ఆస్పత్రి సిబ్బంది స్థానంలో వాడుకోకూడదని రాసి ఉంది. పోస్టింగు చేయడానికి ఆస్పత్రినీ, నేర్పే డాక్టరునూ విద్యార్థులే వెతుక్కోవాలని కాలేజీ అడగకూడదని రాసి ఉంది. సాధారణ వైద్యం, ఎమర్జెన్సీ, సర్జరీ, పిల్లల వైద్యం, మానసిక ఆరోగ్యంతోపాటు గర్భిణుల సంరక్షణ, స్త్రీల వైద్యం కూడా పర్యవేక్షణలోనే నేర్పాలని ఉంది. అక్కడేమీ స్వర్గం లేదు. అక్కడి విద్యార్థులూ 2,000 గంటలకు పైగా సాగే ఆ పోస్టింగుల కాలానికి ఫీజు కడతారు, అప్పుల పాలవుతారు. కానీ చదువుకూ చాకిరీకీ మధ్య గీత ఎక్కడుందో కాగితం మీద రాసుకున్నారు. గీత గీస్తేనే కదా, దాటినవాణ్ణి పట్టుకోవడం! మన దగ్గర ఎంబీబీఎస్ హౌస్ సర్జన్‌కు స్టైపెండు ఉంది. అది సకాలంలో రాకపోతే జూనియర్ డాక్టర్లు రోడ్డెక్కిన సందర్భాలు ఎన్నో చూశాం. వాళ్ళకు సంఘం ఉంది. మరి అదే వార్డులో, అదే రాత్రి, అదే రోగి పక్కన నిలబడిన ఈ పిల్లకు ఏముంది?

సూది గుచ్చుకోవడం సంగతి తీసుకోండి. రక్తం తీసేటప్పుడు వాడిన సూది వేలికి గుచ్చుకుంటే, హెచ్ఐవీ రాకుండా వాడే మందులు వీలైనంత త్వరగా, ఎట్టి పరిస్థితిలోనూ 72 గంటలు దాటకుండా మొదలుపెట్టాలి, 28 రోజులు వాడాలి. హెపటైటిస్-బి టీకా మూడు డోసులు అసలు వార్డులో అడుగుపెట్టక ముందే పడి ఉండాలి. "ఎవరికైనా చెబితే నీకు సూది పట్టుకోవడం కూడా రాదా అంటారని చేతులు కడుక్కుని ఊరుకున్నాను" అన్న పిల్లతో నేను మాట్లాడాను. పక్కన నేర్పే మనిషి ఉండి ఉంటే ఆ సూది ఆమెకు గుచ్చుకునేది కాదేమో. గుచ్చుకున్నా దాచుకోవలసిన పరిస్థితి వచ్చేది కాదు.

మంచం మీది స్త్రీ

ఇంతవరకూ నిలబడి ఉన్న స్త్రీ గురించి మాట్లాడాను. మంచం మీద పడుకున్న స్త్రీ సంగతి ఏమిటి? పర్యవేక్షణ లేని చోట మొదట నష్టపోయేది ఆమే. ఎవరి శరీరం మీద నేర్చుకుంటారన్నది కూడా వర్గాన్ని బట్టి, కులాన్ని బట్టి తేలుతుంది. స్పెషల్ రూములో ఉన్న మనిషి దగ్గరికి పెద్ద డాక్టరే వెళతారు. జనరల్ వార్డులో ఉన్నామె దగ్గరికి వరుసగా అందరూ వెళతారు.

లేబర్ రూములో నేను చూసిన దృశ్యం ఇది. నొప్పులు పడుతున్న ఒక స్త్రీని గంటలో నలుగురు లోపలి పరీక్ష చేశారు. ఒకరు డ్యూటీ డాక్టరు, మిగిలిన ముగ్గురూ నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళు. ఆమెను ఎవరూ అడగలేదు, తమ పేరు చెప్పలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏం చెబుతోంది? మామూలుగా సాగుతున్న కాన్పులో నొప్పులు ఊపందుకున్నాక నాలుగు గంటలకోసారి ఈ పరీక్ష చేస్తే చాలంటుంది. ఒకే స్త్రీని పలువురు పరీక్షించడం మానుకోవాలనీ, అలా చేస్తే ఇన్ఫెక్షన్ ప్రమాదం ఉందనీ, నేర్చుకోవడం పేరుతో బోధనాసుపత్రుల్లో ఇది ఎక్కువగా జరుగుతోందనీ ప్రత్యేకంగా హెచ్చరించింది. కాబట్టి ఇది మర్యాదకు మాత్రమే సంబంధించిన విషయం కాదు, బాలింత ప్రాణానికి సంబంధించిన విషయం.

అమెరికాలో 2024 ఏప్రిల్‌లో అక్కడి ఆరోగ్య శాఖ ఆస్పత్రులకు ఒక ఆదేశం పంపింది. మత్తులో ఉన్న రోగులకు జననాంగాల వంటి సున్నితమైన పరీక్షలు విద్యార్థులు చేయాలంటే ముందుగా ఆ రోగి రాతపూర్వక అనుమతి తీసుకోవాలని చెప్పింది. మత్తులో ఉన్న స్త్రీలను అడగకుండా పరీక్షిస్తున్నారని అక్కడి స్త్రీలు ఏళ్ళ తరబడి పోరాడితే వచ్చిన ఆదేశం అది. మనకు చట్టం లేదా అంటే, కొంత ఉంది. సమీరా కోహ్లీ కేసులో 2008లో మన సుప్రీంకోర్టు, ఒక పరీక్షకు ఇచ్చిన అనుమతిని వేరే చికిత్సకు అనుమతిగా చలామణీ చేయడానికి వీల్లేదంది. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో రూపొందించిన రోగుల హక్కుల పత్రంలో అనుమతి, గోప్యత, గౌరవం అన్నీ ఉన్నాయి. స్త్రీ రోగిని మగ డాక్టరు పరీక్షించేటప్పుడు మరో స్త్రీ అక్కడ ఉండాలని కూడా ఉంది. జనరల్ వార్డు గోడ మీద ఈ పత్రం చదివిన గుర్తు మీలో ఎంతమందికి ఉంది?

అనుమతి అనే మాటతో మన జిల్లాల్లో ఎలా ఆడుకున్నారో మనం మరిచిపోలేదు. 2009లో ఖమ్మం జిల్లాలో హెచ్‌పీవీ టీకా ప్రాజెక్టులో వేలమంది ఆడపిల్లలకు టీకాలు వేశారు. వారిలో ఆదివాసీ పిల్లలు ఎందరో. చాలా ఫారాల మీద తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు, హెడ్మాస్టర్లు సంతకాలు చేశారు. స్త్రీల సంఘాలు, ఆరోగ్య కార్యకర్తలు గొంతెత్తాక 2010లో అది ఆగింది. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఘాటుగా తప్పుపట్టింది. ఒకరి శరీరానికి ఇంకొకరు సంతకం పెట్టే అలవాటు ఈ దేశంలో ఎంత సులభంగా సాగిపోతుందో అక్కడ చూశాం. లేబర్ రూములో అయితే సంతకం కూడా అక్కర్లేకుండా పోతోంది.

పర్యవేక్షణ ఉంటే ఏం జరుగుతుంది? నేర్పే డాక్టరు మంచం దగ్గరికి వస్తుంది. "అమ్మా, ఈ అమ్మాయి చదువుకుంటోంది, నేను పక్కనే ఉంటాను, నిన్ను చూడనిస్తావా?" అని అడుగుతుంది. ఆమె వద్దంటే వద్దే. ఆ 'వద్దు' వల్ల ఆమెకు అందే వైద్యం తగ్గదు. ఒప్పుకుంటే ఒక్కరే చూస్తారు, తప్పు జరుగుతుంటే అక్కడికక్కడే చెయ్యి పట్టుకుని ఆపుతారు. దీనికి కోట్లు ఖర్చు కావు. రెండు నిమిషాలు కావాలి, ఎదుటి స్త్రీని మనిషిగా చూసే గుణం కావాలి.

సంతకం ఎవరి చేతిలో ఉంటే...

ఇక్కడ మనలో కొందరికి ఒక అనుమానం రావాలి, రావడం న్యాయం. పర్యవేక్షణ పెంచమంటే పెద్ద డాక్టరు అధికారం ఇంకా పెంచమని కదా? ఆ పెద్దమనిషే చెయ్యి వేస్తే? కంచే చేను మేస్తే?

మేస్తోంది కూడా. ఆపరేషన్ థియేటర్లో మాస్కుల చాటున ఏమేం మాటలు అంటారో, ఇరుకు చోట ఎలా రాసుకుపోతారో ఈ పిల్లలు చెబుతుంటే గదిలో నిశ్శబ్దం అలుముకుంటుంది. లాగ్‌బుక్‌లో సంతకం పెట్టే చెయ్యే ఆమె మీద పడుతోంది. ఎవరికి చెప్పుకోవాలి? కాలేజీకి వెళితే "అది హాస్పిటల్లో జరిగింది, వాళ్ళనడుగు" అంటారు. హాస్పిటల్‌కు వెళితే "నువ్వు మా ఎంప్లాయీవి కాదు, మీ కాలేజీకి చెప్పుకో" అంటారు. పిల్ల అడకత్తెరలో పోకచెక్క అవుతుంది.

ఈ మాట చెప్పేవాళ్ళిద్దరూ అబద్ధమాడుతున్నారు. 1992లో రాజస్థాన్‌లో సాథిన్‌గా పనిచేస్తున్న భన్వరీదేవి మీద జరిగిన అత్యాచారం తర్వాత స్త్రీల సంఘాలు కోర్టుకెక్కితే 1997లో విశాఖ తీర్పు వచ్చింది. దాని మీద నిలబడి 2013లో చట్టం వచ్చింది. ఆ చట్టం ప్రకారం బాధిత స్త్రీ అక్కడ ఉద్యోగి అయినా కాకపోయినా ఫిర్యాదు చేయవచ్చు. ట్రైనీలు, అప్రెంటిస్‌లు ఉద్యోగి నిర్వచనంలోనే ఉన్నారు. పనిచేసే చోటు అన్న నిర్వచనంలో ఆస్పత్రులు, నర్సింగ్ హోములు పేరుపెట్టి ఉన్నాయి. ఘటన జరిగిన మూడు నెలల్లో ఫిర్యాదు చేయాలి, తగిన కారణముంటే కమిటీ ఇంకో మూడు నెలలు పొడిగించవచ్చు. యూనివర్సిటీ విద్యార్థినులకు దీనికి తోడు 2015 యూజీసీ నిబంధనలు ఉన్నాయి. చట్టం నోరు తెరిచే ఉంది. దాన్ని చదివి వినిపించే మనిషే ఆ వార్డులో లేదు.

అందుకే మనం అడగాల్సింది ఒక మగ డాక్టరు చేతిలో పిల్ల భవిష్యత్తు పెట్టే పర్యవేక్షణ కాదు. నేర్పేవాళ్ళు కనీసం ఇద్దరు ఉండాలి, అందులో ఒకరు స్త్రీ అయి ఉండాలి. ఒకరు సంతకం నిరాకరిస్తే ఇంకొకరి దగ్గర మార్గం ఉండాలి. నేర్పినవాళ్ళ గురించి విద్యార్థిని కూడా అభిప్రాయం రాసే వీలుండాలి. పర్యవేక్షించేవాళ్ళను కూడా పర్యవేక్షించేవాళ్ళు ఉన్నప్పుడే ఆ మాటకు అర్థం.

రాత్రి ఎవరిది?

"అయితే ఆడపిల్లలకు నైట్ డ్యూటీలు వెయ్యకపోతే సరి" అనే పరిష్కారం ఒకటి ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. 1973లో ముంబయిలోని కేఈఎం ఆస్పత్రిలో అరుణా శాన్‌బాగ్ అనే నర్సు మీద అక్కడి వార్డు బాయ్ దాడి చేశాడు. ఆమె 42 ఏళ్ళు అదే ఆస్పత్రి మంచం మీద స్పృహ లేకుండా ఉండి 2015లో మరణించింది. 2024 ఆగస్టు 9న కోల్‌కతా ఆర్‌జీ కర్ ఆస్పత్రిలో, డ్యూటీ మధ్యలో సెమినార్ హాల్లో విశ్రాంతి తీసుకుంటున్న పీజీ డాక్టరును అత్యాచారం చేసి చంపారు. విశ్రాంతికి సరైన గది లేకపోవడం ఎంత పెద్ద విషయమో దేశమంతా ఆనాడు చూసింది.

దానికి అక్కడి ప్రభుత్వం చేసిన సూచనల్లో ఒకటి ఏమిటి? వీలైనంతవరకు ఆడవాళ్ళకు రాత్రి డ్యూటీ తప్పించాలని. అదే ఏడాది సెప్టెంబరులో సుప్రీంకోర్టు దీన్ని తప్పుపట్టింది. రక్షణ ఇవ్వడం ప్రభుత్వం పని, స్త్రీలను రాత్రి పని నుంచి తప్పించడం కాదంది. చూశారా, మళ్ళీ కాపలాయే! పిల్లకు భద్రత లేదంటే పిల్లను లోపల పెట్టి తాళం వేయడం. రాత్రి క్యాజువాలిటీకి వచ్చే కేసులు పగలు రావు. రాత్రి డ్యూటీ చేయని పిల్ల సగం చదువే చదువుతుంది, రేపు సగం జీతానికే పనికొస్తుందంటారు. కావలసింది రాత్రి లేకపోవడం కాదు. రాత్రి వార్డులో నేర్పే డాక్టరు, లోపల గడియ పడే విశ్రాంతి గది, నీళ్ళున్న మరుగుదొడ్డి, తెల్లవారుజామున హాస్టల్‌కు చేర్చే బండి.

వస్తున్న అభ్యంతరాలు

"వీళ్ళు సగం డాక్టర్లు, వీళ్ళవల్లే రోగులకు ప్రమాదం" అని కొందరు డాక్టర్లు అంటున్నారు. బ్రిటన్‌లో ఇదే గొడవ పెద్దదై, ప్రభుత్వం కోరిన మీదట ప్రొఫెసర్ గిలియన్ లెంగ్ సమీక్ష జరిపి 2025 జూలైలో నివేదిక ఇచ్చారు. అసోసియేట్ అనే పేరు మార్చి మళ్ళీ అసిస్టెంట్ అనాలని, డాక్టరు కాదని రోగికి తెలిసేలా దుస్తులు, బ్యాడ్జీలు వేరుగా ఉండాలని, ప్రతి ఒక్కరికీ బాధ్యత వహించే డాక్టరు పేరు స్పష్టంగా ఉండాలని, రోగ నిర్ధారణ కాని రోగులను మొట్టమొదట వీళ్ళే చూడడం సాధారణంగా కూడదని ఆమె సిఫారసు చేశారు. అంటే అక్కడ కూడా విషయం తిరిగి తిరిగి పర్యవేక్షణ దగ్గరికే వచ్చింది. ప్రమాదం ఆ పిల్ల వల్ల రాదు. ఆమెను ఒంటరిగా వదిలి, తన పని ఆమె చేత చేయించి, తప్పు జరిగితే తప్పించుకునే వ్యవస్థ వల్ల వస్తుంది. సగం డాక్టరు అని ఎగతాళి చేసే పెద్దమనిషే రాత్రి పూట పూర్తి డాక్టరు పని ఆమెకు అప్పగించి నిద్రపోతున్నాడు.

ఇంకో అభ్యంతరం మన వైపు నుంచే వినిపిస్తోంది. ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ టీచర్లు, పారిశుధ్య కార్మికుల సమస్యలు ఇన్ని ఉండగా ప్రైవేటు కాలేజీలో ఫీజు కట్టి చదివే పిల్లల గొడవ మనకెందుకని. ఆశాను కార్మికురాలు కాదు, వాలంటీరు అన్నారు. ఈ పిల్లను కార్మికురాలు కాదు, విద్యార్థిని అంటున్నారు. పేరు మార్చి శ్రమను మాయం చేసే కనికట్టు రెండుచోట్లా ఒకటే. పైగా ఆ ఫీజు ఎక్కడినుంచి వచ్చిందో అడగండి. అమ్మ పుస్తెలు కుదువ పెట్టిన ఇల్లు, డ్వాక్రా అప్పు తీసి కట్టిన ఇల్లు కనిపిస్తాయి.

మనం చేయగలిగింది

2013 చట్టం ప్రకారం పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతి సంస్థలో అంతర్గత కమిటీ ఉండాలి, అందులో స్త్రీల కోసం పనిచేసే సంస్థల నుంచి బయటి సభ్యురాలు ఒకరుండాలి. ఈ పత్రిక చదివే మీలో కొందరు ఏదో ఒక ఆస్పత్రి కమిటీలో అలా కూర్చుంటున్నవారే. ఏడాదికోసారి టీ తాగి, 'ఫిర్యాదులు లేవు' అన్న కాగితం మీద సంతకం పెట్టి రావడానికి కాదు మనం అక్కడికి వెళ్ళేది. వచ్చే సమావేశంలో ఈ ప్రశ్నలు అడగండి.

ఈ ఆస్పత్రిలో పోస్టింగు చేస్తున్న విద్యార్థినులు ఎందరు? ఏయే కాలేజీల వాళ్ళు? కాలేజీకీ ఆస్పత్రికీ మధ్య ఉన్న ఒప్పంద పత్రం చూపించండి. వేధింపుల ఫిర్యాదు ఎవరు తీసుకోవాలో అందులో రాసి ఉందా? కమిటీ సభ్యుల పేర్లు, ఫోన్ నంబర్లు వార్డులో, విద్యార్థినుల గదిలో తెలుగులో అంటించి ఉన్నాయా? ఒక్కో విద్యార్థినికి నేర్పే డాక్టరు పేరు రాతపూర్వకంగా ఇచ్చారా? రాత్రి పూట ఆ డాక్టరు ఆస్పత్రిలో ఉంటారా, ఫోన్లో ఉంటారా? డ్యూటీ చార్టులో విద్యార్థినుల పేర్లు స్టాఫ్ లెక్కలో కలిపారా? లాగ్‌బుక్‌లో ఏరోజు సంతకం ఆరోజే జరుగుతోందా? సూది గుచ్చుకుంటే ఎక్కడికి వెళ్ళాలి, ఖర్చు ఎవరిది? హెపటైటిస్ టీకా వేశారా? ఇంటర్న్‌షిప్ ఏడాదికి స్టైపెండు ఎంత? ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి దగ్గరున్నాయి? విద్యార్థిని పరీక్షించే ముందు రోగిని అడుగుతున్నారా? వద్దన్న రోగి మాట ఎవరైనా రాసుకుంటున్నారా?

కమిటీ లేదంటే కలెక్టరు దగ్గర జిల్లా స్థానిక కమిటీ ఉంది, అక్కడికి వెళ్ళండి. ఈ పిల్లలకు ఒక సంఘం ఏర్పడేదాకా మన సంఘాలే వాళ్ళ సంఘం. ఆదివారం సాయంత్రం ఒక గది, ఒక పెద్ద కెటిలు టీ, వాళ్ళ మాట మధ్యలో ఆపకుండా వినే ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు ఉంటే మొదలుపెట్టడానికి చాలు. రాష్ట్రంలో ఈ కోర్సులకు నిబంధనలు రాసే కౌన్సిళ్ళ ముందు మన డిమాండ్లు కాగితం మీద పెట్టాలి. ఆ నిబంధనలు రాసేటప్పుడు మనం అక్కడ లేకపోతే ఆస్పత్రి యాజమాన్యాలు ఉంటాయి, తప్పకుండా ఉంటాయి.

పర్యవేక్షణ అనే మాటను మనం తిరిగి తీసుకోవాలి. హాస్టల్ గేటు దగ్గర అది ఎక్కువైంది, రోగి మంచం దగ్గర అసలు లేదు. గేటు దగ్గరినుంచి లేపి మంచం దగ్గరికి తీసుకొచ్చి కూర్చోబెట్టడమే మన పని. నిలబడిన స్త్రీకీ పడుకున్న స్త్రీకీ ఇద్దరికీ అది హక్కు. ఎవరో దయతలచి ఇచ్చేది కాదు, అడిగి తీసుకోవలసిందే.